ఫ్లాపీ పోయింది, లెక్క మిగలాలి

పోయిన నెల సెలవు నుంచి తిరిగొచ్చిన మా రూమ్మేటు ఒకడు, జగిత్యాల వైపు కుర్రాడు, బ్యాగులోంచి ఒక ప్లాస్టిక్‌ కవరు తీసి నా మంచం మీద పెట్టాడు. అందులో నల్లటి చదరపు ఫ్లాపీ ఒకటి, గోరంత మెమరీ కార్డు ఒకటి ఉన్నాయి.

"అన్నా, మా నాయిన పెట్టెల దొరికినయి ఇవి. నాయిన మస్కట్ల పనిచేసినప్పటివి. ఆయన పోయి పదేండ్లాయె. ఇంట్ల పాస్‌పోర్టు ఫోటో తప్ప వేరే ఫోటో లేదు. ఇండ్ల ఏమన్న ఉన్నయేమో చూడాలె. నా ల్యాప్‌టాప్‌ల ఇవి ఎక్కడ పెట్టాలె?"

ప్రశ్న చిన్నదే. కానీ వాడి కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ రెండింటికీ చోటు లేదు. ఎందుకు లేదో, ఇప్పుడు ఏం కొనాలో చెప్పాలంటే యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. మన క్యాంపుల్లో చాలామంది ట్రంకు పెట్టెల్లో ఇలాంటివి ఒకటో రెండో ఉంటాయి. అందుకే ఈ వారం ఆ కథ.

రొట్టె అంత డిస్కు

1960ల చివర్లో అమెరికాలోని ఐబీఎం కంపెనీకి ఒక చిక్కు వచ్చింది. వాళ్ళు తయారుచేస్తున్న సిస్టమ్‌ 370 అనే పెద్ద కంప్యూటర్లలో, మిషన్‌ ఆన్‌ కాగానే ఏం చేయాలో చెప్పే ఆదేశాలు కరెంటు పోతే చెరిగిపోయేవి. మళ్ళీ ఆన్‌ చేసినప్పుడు వాటిని లోపలికి ఎక్కించాలి. దానికి చవకైన సాధనం, పోస్టులో పంపడానికి వీలైనది కావాలి. కాలిఫోర్నియాలోని శాన్‌హోసే లాబొరేటరీలో అలన్‌ షుగార్ట్‌ విభాగానికి ఆ పని అప్పగించారు. డేవిడ్‌ నోబుల్‌ అనే ఇంజనీరు ముందుండి నడిపాడు. పల్చటి ప్లాస్టిక్‌ బిళ్ళకు ఇనుప ఆక్సైడ్‌ పూత పూసి, దాన్ని ఒక తొడుగులో పెట్టారు. పట్టుకుంటే వంగుతుంది కాబట్టి ఫ్లాపీ అన్నారు.

1971లో బయటికొచ్చిన ఆ మొదటి ఫ్లాపీ 8 అంగుళాల వెడల్పు. మన మెస్సులో ఇచ్చే రొట్టె అంత. పట్టేది సుమారు 80 కేబీ. చదవడమే తప్ప కొనుగోలుదారు దానిమీద రాయడానికి వీల్లేదు.

1973లో ఐబీఎం 3740 అనే డేటా ఎంట్రీ మిషన్‌ తెచ్చింది. అప్పటిదాకా ఆఫీసుల్లో లెక్కలన్నీ అట్టముక్కలకు చిల్లులు పొడిచిన పంచ్‌ కార్డుల మీద ఉండేవి. ఒక్క కార్డులో 80 అక్షరాలు పడతాయి. కొత్త ఫ్లాపీలో ఒక్కోటి 128 అక్షరాల చొప్పున 1,898 రికార్డులు పట్టేవి. అంటే ఒక పెద్ద పెట్టెడు కార్డులు ఒక సంచిలోకి వచ్చేశాయి. జీతాల లెక్కలు, సరుకుల లెక్కలు చేత్తో పట్టుకుని తీసుకెళ్ళడం అప్పటినుంచే సులువైంది.

షుగార్ట్‌ ఐబీఎం వదిలి 1973లో సొంత కంపెనీ పెట్టాడు. 8 అంగుళాల డ్రైవు బల్ల మీద పెట్టే కంప్యూటర్లకు మరీ పెద్దదవుతోందని, 1976లో ఆ కంపెనీ అయిదుంపావు అంగుళాల డ్రైవు అమ్మకానికి తెచ్చింది. ఆ సైజే ఇంటి కంప్యూటర్లకు దారి వేసింది. 1978లో యాపిల్‌ 2కు డిస్కు డ్రైవు వచ్చింది. 1981 ఆగస్టులో ఐబీఎం పర్సనల్‌ కంప్యూటర్‌ వచ్చినప్పుడు దాని ఫ్లాపీలో పట్టింది 160 కేబీ మాత్రమే.

ఇక్కడ ఒక ముచ్చట. మన కంప్యూటర్లలో హార్డ్‌ డిస్కును సీ డ్రైవ్‌ అంటాం కదా, ఏ, బీ ఏమయ్యాయని ఎప్పుడైనా అనుకున్నారా? ఆ రోజుల్లో రెండు ఫ్లాపీ డ్రైవులుండేవి. మొదటిది ఏ, రెండోది బీ. తరువాత వచ్చిన హార్డ్‌ డిస్కుకు మూడో అక్షరం దక్కింది. ఇంటి పెద్దలిద్దరూ పోయినా వాళ్ళ కుర్చీల్లో ఎవరూ కూర్చోనట్టు, ఆ రెండు అక్షరాలు ఇప్పటికీ మామూలుగా ఖాళీగానే ఉంటాయి.

జేబులో పట్టిన బిళ్ళ

మనలో చాలామంది చూసింది మూడున్నర అంగుళాల ఫ్లాపీ. జపాన్‌ కంపెనీ సోనీ దీన్ని 1980ల మొదట్లో తెచ్చింది. గట్టి ప్లాస్టిక్‌ డొక్కు, దుమ్ము పడకుండా జరిగే రేకు మూత, చొక్కా జేబులో పట్టే సైజు. 1984లో యాపిల్‌ మెకింటాష్‌లో వాడారు. 1987లో ఐబీఎం తన పీఎస్‌2 కంప్యూటర్లతో 1.44 ఎంబీ రకాన్ని తెచ్చింది. తరువాత దాదాపు పదిహేనేళ్ళు ప్రపంచమంతా అదే నడిచింది.

1.44 ఎంబీ అంటే ఎంత? కచ్చితంగా 14,74,560 బైట్లు. బిళ్ళకు రెండు వైపులా 80 చొప్పున వలయాలు, ఒక్కో వలయంలో 18 గదులు, ఒక్కో గదిలో 512 బైట్లు. గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. ఇప్పటి యూనికోడ్‌ పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. గుణింతాలను విడిగా లెక్కేసినా దాదాపు 4,91,000 సంకేతాలు పడతాయి. పేజీకి రెండు వేలు అనుకుంటే 245 పేజీలు, ఒక మంచి నవల అన్నమాట. కానీ ఒక్క సినిమా పాట మాత్రం పట్టదు.

వేగం సంగతి కూడా చూడండి. బిళ్ళ నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది. లెక్క ప్రకారం నిండు ఫ్లాపీ చదవడానికి అరనిమిషం పైనే పడుతుంది. ఆ గరగర చప్పుడు వినని పాత ఆఫీసు ఉండదు.

ఫ్లాపీ వెంట జబ్బులూ తిరిగాయి. 1986లో పాకిస్తాన్‌లోని లాహోర్‌లో కంప్యూటర్‌ వ్యాపారం చేసే ఇద్దరు అన్నదమ్ములు, బాసిత్‌, అమ్జద్‌ ఫారూఖ్‌ అల్వీ, తమ సాఫ్ట్‌వేర్‌ను దొంగతనంగా కాపీ చేసేవాళ్ళను పట్టుకోవాలని ఒక ప్రోగ్రాం రాశారు. దానికి బ్రెయిన్‌ అని పేరు. అందులో తమ పేర్లు, చిరునామా, ఫోన్‌ నంబరు కూడా పెట్టారు. అది ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకుతూ దేశాలు దాటింది. ఐబీఎం రకం పర్సనల్‌ కంప్యూటర్లకు సోకిన మొదటి వైరస్‌గా దాన్నే చెబుతారు.

ముప్ఫై ఎనిమిది మంది ఓవర్‌టైమ్‌

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 2003లో నేను షార్జాలో ఒక కన్‌స్ట్రక్షన్‌ కంపెనీ సైట్‌ ఆఫీసులో టైమ్‌కీపర్‌కు హెల్పర్‌గా ఉండేవాణ్ణి. ఫోర్‌మన్‌ కాగితం మీద రాసిన గంటలు సాయంత్రం కంప్యూటర్లో ఎక్కించేవాళ్ళం. నెలాఖరున ఫైలును ఫ్లాపీలోకి కాపీ చేసి హెడ్‌ ఆఫీసుకు పంపేవాళ్ళం. అక్కడ దాన్నిబట్టి జీతాలు.

అది జులై నెల. డ్రైవరు ఫ్లాపీని పికప్‌ డ్యాష్‌బోర్డు మీద పడేసి, మధ్యలో ఇంకో సైటు దగ్గర రెండు మూడు గంటలు ఆగాడు. ఆ ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ప్లాస్టిక్‌ డొక్కు వంకర తిరిగింది. హెడ్‌ ఆఫీసులో ఫైలు తెరుచుకోలేదు. మళ్ళీ పంపమన్నారు. మేమేమో ప్రతి నెలా అదే ఫైలు మీద పాతది చెరిపి కొత్తది రాసేవాళ్ళం. అప్పటికే ఆగస్టు మొదలైంది. ఫోర్‌మన్‌ కాగితాలు సిమెంటు దుమ్ములో, నీళ్ళలో ఎటుపోయాయో తెలియదు.

ముప్ఫై ఎనిమిది మందికి ఆ నెల ఓవర్‌టైమ్‌ రాలేదు, బేసిక్‌ ఒక్కటే వచ్చింది. గొడవ చేస్తే, రుజువు చూపించమన్నారు. అప్పుడు నెల్లూరు వైపు షట్టరింగ్‌ కార్పెంటర్‌ ఒకాయన, అందరం మామా అని పిలిచేవాళ్ళం, జేబులోంచి చిన్న డైరీ తీశాడు. రోజూ ఎన్ని గంటలు, ఏ ఫ్లోరులో, ఫోర్‌మన్‌ ఎవరు, అన్నీ పెన్సిలుతో రాసుకున్నాడు. ఆయనకు పూర్తిగా ఇచ్చారు. ఆయన డైరీలో పేర్లున్న ఆయన గ్యాంగులో ఆరుగురికీ ఇచ్చారు. మిగతా ముప్ఫై ఒక్క మందికి సగం చాలన్నారు. ఆ ఫైలు రెండో కాపీ పెట్టుకోనివాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఏళ్ళు దాటినా ఆ తప్పు నాకు గుర్తే.

ఆ తరువాత రోజులు మారాయి. 2009లో యూఏఈ ప్రభుత్వం జీతాలు బ్యాంకుల ద్వారా వెళ్ళాలని వేజెస్‌ ప్రొటెక్షన్‌ సిస్టమ్‌ పెట్టింది. జీతం పడ్డదీ లేనిదీ తెలిసే దారి వచ్చింది. కానీ ఓవర్‌టైమ్‌ గంటలు ముందు సైటులోనే రాయాలి కదా. ఆ మొదటి లెక్క ఎవరి దగ్గర ఉందన్నదే ఇప్పటికీ అసలు ప్రశ్న.

ఫ్లాపీ ఎలా పోయింది

1998లో యాపిల్‌ తన ఐమ్యాక్‌ కంప్యూటర్లో ఫ్లాపీ డ్రైవు పెట్టలేదు. చాలామంది నవ్వారు. 2003లో డెల్‌ కంపెనీ తన డెస్క్‌టాప్‌లలో ఫ్లాపీని తప్పనిసరి సామాను జాబితాలోంచి తీయడం మొదలుపెట్టింది. చివరికి సోనీయే 2011 మార్చితో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది.

అయినా 2000లలో కంప్యూటర్‌ అసెంబుల్‌ చేయించుకునేవాళ్ళు ఫ్లాపీ డ్రైవు అడిగి మరీ పెట్టించుకునేవారు. కారణముంది. విండోస్‌ ఎక్స్‌పీ ఎక్కించేటప్పుడు కొత్తరకం హార్డ్‌ డిస్కు దొరక్కపోతే ఎఫ్‌6 నొక్కి డ్రైవరు ఇవ్వాలి. దాన్ని అది ఫ్లాపీలోంచే తీసుకునేది. అప్పుడే ఒకే చోట ఫ్లాపీ డ్రైవూ కార్డు రీడరూ కలిపిన కాంబో డ్రైవులు వచ్చాయి. ఫ్లాపీ భాగానికి 34 పిన్నుల వెడల్పు కేబులు, కార్డు భాగానికి మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ పిన్నులు. ఆ వెడల్పు కేబులు తిరగేసి పెడితే డ్రైవు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండేది. రిపేరు షాపుల్లో పనిచేసినవాళ్ళకు ఇది బాగా తెలుసు. ఇప్పటి మదర్‌బోర్డుల మీద ఆ 34 పిన్నుల చోటే లేదు.

కొన్నిచోట్ల మాత్రం ఫ్లాపీ మొండిగా బతికింది. అమెరికా అణ్వాయుధ దళాల సందేశ వ్యవస్థలో 8 అంగుళాల ఫ్లాపీలు వాడుతున్నారని 2016లో అక్కడి ప్రభుత్వ ఆడిట్‌ నివేదిక బయటపెట్టింది. 2019లో వాటిని మార్చారు. బోయింగ్‌ 747-400 విమానాల్లో దారి చూపే సమాచారం 28 రోజులకోసారి మూడున్నర అంగుళాల ఫ్లాపీతోనే ఎక్కించేవారు. జపాన్‌లో ప్రభుత్వానికి దరఖాస్తులు ఫ్లాపీలో ఇవ్వాలన్న నిబంధనలు వెయ్యికి పైగా ఉండేవి. 2022లో మంత్రి తారో కోనో వాటిమీద యుద్ధం ప్రకటించాడు. 2024లో ఒక్కటి మినహా అన్నీ రద్దయ్యాయి. పాత ఎంబ్రాయిడరీ మిషన్లలోనూ డిజైన్లు ఫ్లాపీలోంచే ఎక్కేవి. వాటికోసం ఫ్లాపీ డ్రైవు స్థానంలో బిగించి పెన్‌డ్రైవ్‌ పెట్టుకునే పరికరాలు వచ్చాయి.

తిరగని బిళ్ళ

ఫ్లాపీని నిజంగా ఓడించింది జపాన్‌లోనే పుట్టింది. తోషిబా ఇంజనీరు ఫుజియో మసుఓకా 1984లో ఫ్లాష్‌ మెమరీని ప్రపంచానికి చూపాడు. తిరిగే బిళ్ళ లేదు, మోటారు లేదు. అతి చిన్న గదుల్లో కరెంటును బంధించి ఉంచడమే. కరెంటు తీసేసినా లెక్క చెరగదు. 1987లో చవకగా తయారయ్యే నాండ్‌ రకం వచ్చింది. ఇప్పుడు మన ఫోన్లలో ఉన్నది దాని సంతతే.

తరువాత ప్రతి కంపెనీ తన సొంత కార్డు తెచ్చింది. 1994లో శాన్‌డిస్క్‌ కాంపాక్ట్‌ ఫ్లాష్‌, 1995లో తోషిబా స్మార్ట్‌మీడియా, 1997లో ఎంఎంసీ, 1998లో సోనీ మెమరీ స్టిక్‌, 2002లో ఒలింపస్‌, ఫుజీఫిల్మ్‌ కలిసి ఎక్స్‌డీ. ఒకరి కార్డు ఇంకొకరి సందులో పట్టదు. స్మార్ట్‌మీడియాకు అయితే ఫ్లాపీ ఆకారంలో ఒక అడాప్టర్‌ అమ్మారు. కార్డు అందులో పెట్టి, దాన్ని ఫ్లాపీ డ్రైవులో దూర్చి ఫోటోలు తీసుకునేవారు. కొత్త కోడలు అత్తగారి గుమ్మంలోంచే ఇంట్లోకి వచ్చినట్టు.

1999లో పానసోనిక్‌, శాన్‌డిస్క్‌, తోషిబా కలిసి ఎస్‌డీ కార్డు ప్రకటించాయి. అది ఎంఎంసీ కొలతలతోనే, కాస్త మందంగా చేశారు. ఈ పోటీలో చివరికి గెలిచింది అదే. 2005లో మైక్రో ఎస్‌డీ వచ్చింది. మన క్యాంపుల బయట మొబైల్‌ షాపుల్లో పాటలు ఎక్కించుకున్నదంతా దానిమీదే. ఇంకోవైపు 2000లో సింగపూర్‌ కంపెనీ ట్రెక్‌ థంబ్‌డ్రైవ్‌ పేరుతో యూఎస్‌బీ డ్రైవు అమ్మకానికి తెచ్చింది.

32 జీబీ మైక్రో ఎస్‌డీలో పట్టేదాన్ని ఫ్లాపీల్లో పెట్టాలంటే సుమారు 21,700 ఫ్లాపీలు కావాలి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే 70 మీటర్లు దాటుతుంది. మనం కట్టే ఇరవై అంతస్తుల బిల్డింగు ఎత్తు.

ఇప్పుడు ఏం కొనాలి

మూడున్నర అంగుళాల ఫ్లాపీకి యూఎస్‌బీ తీగతో బయట పెట్టే డ్రైవు కొనండి. విండోస్‌ దాన్ని గుర్తుపట్టి ఏ డ్రైవ్‌గా చూపిస్తుంది. పెట్టేముందు ఫ్లాపీ రేకు మూత జరిపి లోపలి బిళ్ళ చూడండి. తెల్లటి బూజు మచ్చలుంటే పెట్టకండి, డ్రైవు కూడా పాడవుతుంది. మూలనున్న చిన్న తలుపు జరిపి కన్నం తెరిచి ఉంచితే పొరపాటున కూడా దానిమీద రాయబడదు. అయిదుంపావు అంగుళాలదైతే యూఎస్‌బీ డ్రైవులు మామూలుగా దొరకవు. దానికి పాత కంప్యూటరో, పాత డ్రైవుకు తగిలించే ప్రత్యేక కంట్రోలర్‌ కార్డో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

కార్డు రీడరు కొనేటప్పుడు ముందు మీ కార్డు పేరు చదవండి, తరువాత రీడరు డబ్బా మీద ఆ పేరుందో చూడండి. కొత్త రీడర్లలో సాధారణంగా ఎస్‌డీ, మైక్రో ఎస్‌డీ మాత్రమే ఉంటాయి. ఎక్స్‌డీ, మెమరీ స్టిక్‌, స్మార్ట్‌మీడియా లాంటివైతే 2000ల నాటి ఆల్‌ ఇన్‌ వన్‌ రీడరు సెకండ్‌ హ్యాండ్‌లో వెతకాలి. అదే పాత రీడరులో ఇప్పటి పెద్ద కార్డులు చదవబడవు. ఎందుకంటే 2 జీబీ దాటిన ఎస్‌డీహెచ్‌సీ పద్ధతి 2006లో, 32 జీబీ దాటిన ఎస్‌డీఎక్స్‌సీ పద్ధతి 2009లో వచ్చాయి.

ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి. కార్డు పెట్టగానే ఫార్మాట్‌ చేయమంటారా అని కంప్యూటర్‌ అడిగితే, వద్దు అని నొక్కండి. చాలాసార్లు తప్పు కార్డుది కాదు, రీడరుది. ఇంకో రీడరులో పెట్టి చూడండి. తొందరపడి సరే అన్నవాళ్ళు పెళ్ళి ఫోటోలు పోగొట్టుకున్నారు.

అతి చవకగా పెద్ద సైజు రాసి అమ్మే కార్డులు చాలావరకు నకిలీవి. పైకి 128 జీబీ అని చూపిస్తాయి, అసలు సరుకు అందులో కొంతే. కొనగానే పూర్తిగా నింపి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే ముఖ్యమైనవి పెట్టండి.

ఇంకో సంగతి. ఫ్లాష్‌ కార్డు కూడా శాశ్వతం కాదు. ఏళ్ళ తరబడి పెట్టెలో పడుంటే లోపల బంధించిన కరెంటు మెల్లగా కారిపోతుంది. కాబట్టి అప్పుడప్పుడు తీసి కొత్తదాంట్లోకి కాపీ చేయాలి.

కవరులో ఏముంది

మా తమ్ముడి ఫ్లాపీ సంగతి చెప్పాలి కదా. యూఎస్‌బీ డ్రైవు తెప్పించి పెట్టాం. గరగరమని రెండు నిమిషాలు తిరిగి, చదవలేకపోతున్నానంది. ఇంకో రెండు డ్రైవుల్లో చూశాం. లాభం లేదు. అందులో ఏముందో ఇక తెలియదు.

కార్డు ఎక్స్‌డీ రకం. ఒక పాత మొబైల్‌ షాపులో మూలపడిన రీడరు పది దిర్హాములకు దొరికింది. ముందు ఫార్మాట్‌ చేయమని అడిగింది, వద్దన్నాం. తీసి మళ్ళీ పెడితే తెరుచుకుంది. పద్నాలుగు ఫోటోలు. పన్నెండింట్లో వాళ్ళ నాయిన లేడు, ఆయన తీసినవే కాబట్టి. సముద్రం ఒడ్డు, క్యాంపు గేటు, వంట చేస్తున్న స్నేహితులు. చివరి రెండింట్లో ఉన్నాడు. ఒకదాంట్లో మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు, రెండోదాంట్లో హెల్మెట్‌ పట్టుకుని నిలబడ్డాడు. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత ఇంటికి ఫోను చేసి, "అమ్మా, నాయిన నవ్వుతున్నడే," అన్నాడు.

ఆ రాత్రే మూడు కాపీలు చేశాం. ఒకటి వాడి ల్యాప్‌టాప్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి ఇంటికి పంపాం.

సోదరులారా, డిస్కులు మారుతూనే ఉంటాయి. ఇవాళ్టి కార్డు కూడా రేపు ఎవరో కుర్రాడు చేత్తో పట్టుకుని ఇది ఎక్కడ పెట్టాలి అని అడిగేదే. మీ కాంట్రాక్టు, పాస్‌పోర్టు, వీసా కాపీలు, జీతం స్లిప్పులు ఫోటో తీసి కనీసం రెండు చోట్ల పెట్టండి. ఒకటి మీ దగ్గర, ఒకటి ఇంటి దగ్గర. రోజూ చేసిన గంటలు మాత్రం ఒక చిన్న డైరీలో రాసుకోండి. దానికి రీడరు అక్కర్లేదు. మా నెల్లూరు మామ డైరీని ఏ కంప్యూటరూ చదవనక్కర్లేకపోయింది.